ఆర్మీకి వెళ్తానంటున్న పిల్లలకు బరువు ఎక్కువుంటే: హైదరాబాద్ తల్లిదండ్రులు ఇంట్లో, బడిలో ఏం చేయాలి

ఆర్మీలో చేరాలనుకునేవాళ్లకు పెట్టే అగ్నివీర్ ర్యాలీలో 1,600 మీటర్ల పరుగు ఉంటుంది. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే 60 మార్కులు, అంటే ఒక్కో రౌండుకు 82 సెకన్ల చిల్లర. ఆ వెంటనే బీమ్ పట్టుకుని పుల్‌అప్స్ తీయాలి, పది తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ బీమ్ మీద పడిపోకుండా నడవాలి. మన రాష్ట్రంలో పోలీస్ కానిస్టేబుల్ కావాలన్నా పరుగు తప్పదు. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అని పెట్టారు.

ఇంటర్ అయ్యాక మూడు నెలలు ఏదో ఒక అకాడమీలో చేర్పిస్తే ఇదంతా వచ్చేస్తుందని చాలా ఇళ్లలో నమ్మకం. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను చూసినంతవరకు, చిన్నప్పటి నుంచి ఆడుకుంటూ పెరిగిన పిల్లలకు ఆ మూడు నెలలు సరిపోతాయి. మూడో తరగతి నుంచి చిప్స్ ప్యాకెట్, ఫోను, ట్యూషన్ బెంచీల మధ్య పెరిగిన పిల్లవాడికి సరిపోవు. పాపం వాడు గట్టిగానే ప్రయత్నిస్తాడు. రెండో రౌండుకే ఊపిరి అందదు, మూడో వారానికి మోకాళ్లు వాస్తాయి, ఇంటికి వచ్చేస్తాడు. ఆ పరుగుకు పునాది పడేది ఎనిమిదేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు. అది పడేది టిఫిన్ బాక్సులో, బడి గ్రౌండులో. అది వేయాల్సింది పెద్దవాళ్లం, పిల్లలు కాదు.

బడి భోజనానికీ సైన్యానికీ సంబంధం కొత్తదేమీ కాదు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో చేరడానికి వచ్చిన బ్రిటన్ యువకుల్లో ఎందరో ఒంట్లో సత్తువ లేక తిరిగి వెళ్లారు. ఆ ఆందోళన వల్లనే 1906లో అక్కడ బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం వచ్చింది. అమెరికాలో 1946లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన జాతీయ పాఠశాల భోజన చట్టం, ఇది దేశ భద్రత కోసం తీసుకుంటున్న చర్య అని నేరుగానే రాసుకుంది. అప్పటి కష్టం తిండి చాలకపోవడం. ఇప్పుడక్కడ కథ తిరగబడింది. 2020 నాటి వాళ్ల రక్షణ శాఖ అధ్యయనం ప్రకారం 17 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 77 శాతం మంది ప్రత్యేక మినహాయింపు లేకుండా సైన్యంలో చేరలేరు. ఒకే కారణంతో ఆగిపోయినవాళ్లను చూస్తే, అందులో అందరికన్నా ఎక్కువమంది అధిక బరువు వల్లనే ఆగిపోయారు. 2022లో వాళ్ల ఆర్మీ సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో, అసలు శిక్షణకు ముందు కొవ్వు తగ్గించడానికి వేరే కోర్సే పెట్టింది.

మన దగ్గర ఆ రెండు కష్టాలూ ఒకే వీధిలో ఉన్నాయి. ఒక్కోసారి ఒకే పిల్లలో ఉంటాయి, బరువు ఎక్కువ, రక్తం తక్కువ. చూడటానికి బొద్దుగా ఉంది కదా, బలంగానే ఉందిలే అనుకుంటాం.

ముందు కొలవండి

గోడకు ఆనించి ఎత్తు, పొద్దున్నే బరువు, బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుము. ఈ మూడూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదు. 140 సెంటీమీటర్ల పిల్లవాడికి నడుము 70 లోపు ఉండాలి. ఇంట్లో చూసుకోవడానికి ఇంతకన్నా తేలిక లెక్క లేదు.

ఫోనులో కనిపించే బీఎంఐ లెక్క పెద్దవాళ్లది, అది పిల్లలకు వాడకండి. పిల్లల డాక్టర్ దగ్గర ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల గ్రోత్ చార్ట్ ఉంటుంది, 5 నుంచి 18 ఏళ్ల వరకు, అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి. ఈసారి జ్వరానికని వెళ్లినప్పుడు అందులో చుక్క పెట్టమని అడగండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి కొలిస్తే చాలు. రోజూ బరువు మిషన్ ఎక్కిస్తే పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ రాదు.

ఒక సంగతి మాత్రం ఇవాళే చూడండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా తయారైందా? అది మురికి కాదు. సున్నిపిండి పెట్టి, పీచు పెట్టి రుద్ది పిల్లల్ని ఏడిపించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. దానితో పాటు రాత్రి గురక, మోకాళ్ల నొప్పి, అమ్మాయిలకు నెలసరి క్రమం తప్పడం లాంటివి ఏమున్నా డాక్టర్‌కు చూపించాలి. ప్రైవేటులో ఖర్చు భారమైతే నిలోఫర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. థైరాయిడ్ ఏమోనని చాలామంది భయపడతారు. ఎత్తు పెరగడం ఆగిపోయి బరువు ఒక్కటే పెరుగుతుంటే ఆ అనుమానం సరైనదే, పరీక్ష చేయించాలి. ఎత్తు మామూలుగా పెరుగుతుంటే కారణం హార్మోన్లలో దొరకడం అరుదు.

ఇక లక్ష్యం. పెరిగే వయసులో చాలామంది పిల్లలకు బరువు తగ్గించాల్సిన పనే ఉండదు. ఉన్న బరువు ఉన్నచోట ఆగితే చాలు, ఎత్తు పెరిగే కొద్దీ లెక్క సరిపోతుంది. అందుకే కీటోలు, ఉపవాసాలు, రాత్రి అన్నం మానేయడాలు వద్దు. మరీ ఎక్కువ బరువున్న పిల్లల సంగతి డాక్టర్ చేతుల్లో పెట్టండి.

ఇంట్లో నోళ్లు

బొండాం, లడ్డు, ఏనుగుపిల్ల. ముద్దుగానే అంటాం. పెళ్లిలో ఎదురైన పెద్దమ్మ "ఏంరా, ఇంకా లావైనవ్" అని నలుగురి ముందు బుగ్గ గిల్లుతుంది. ఇవి విన్న పిల్లలు సన్నబడరు. నలుగురిలో తినడం మానేసి చాటుగా తింటారు, షార్ట్స్ వేసుకోవడం మానేస్తారు, ఆ తర్వాత గ్రౌండుకే రారు. నా దగ్గర ఆటల పీరియడ్లో "కడుపునొప్పి సార్" అని పక్కన కూర్చునే పిల్లల్లో సగంమందికి నొప్పి కడుపులో ఉండదు. కాబట్టి ఇంట్లో ముందుగా ఆపాల్సింది ఈ మాటలే. బంధువులకు మీరే చెప్పండి, పిల్లల ముందు కాదు, ఫోన్ చేసి.

రెండో మాట. లావుగా ఉన్న పిల్లవాడికి జొన్నరొట్టె పెట్టి, సన్నగా ఉన్న అన్నకు పిజ్జా తెప్పిస్తే అది శిక్ష అవుతుంది. మారితే ఇంటి వంట మొత్తం మారాలి. నాన్న కూడా అదే తినాలి.

నానమ్మతో, అమ్మమ్మతో పేచీ పెట్టుకోకండి. "పిల్లోడు చిక్కిపోయిండు" అని వాళ్లు ఇంకో ముద్ద కలిపి పెట్టేది ప్రేమతో. ఆ ప్రేమకు వేరే పని చూపించండి. బొబ్బర్లు, శనగలు నానబెట్టి గుడాలు చేయడం వాళ్లకు వచ్చినంత బాగా మనకు రాదు. సాయంత్రం గుడాల బాధ్యత వాళ్లకు అప్పగించండి. సాయంత్రం పూట కొసరి కొసరి తినిపించడానికి వాళ్లకూ ఒకటి దొరుకుతుంది.

తాగేవి ముందు

ఒకే ఒక్క మార్పు చేయగలరంటే ఇది చేయండి. కూల్‌డ్రింక్, టెట్రాప్యాక్ జ్యూస్, మ్యాంగో డ్రింక్ ఇంట్లోకి తేవడం మానేయండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్‌ఐఎన్ అంటామే, 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు పైనుంచి కలిపే చక్కెర 20 నుంచి 25 గ్రాముల లోపు ఉండాలంది. 300 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కటే దాదాపు 30 గ్రాములు దాటిస్తుంది. ప్యాకెట్ వెనక చక్కెర ఎన్ని గ్రాములని రాసి ఉందో చూసి నాలుగుతో భాగించమని పిల్లలకే చెప్పండి, అన్ని చిన్న చెంచాలన్నమాట. ఐదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇష్టం, రెండు రోజుల్లో ఇల్లంతా లెక్కగట్టేస్తారు. పాలల్లో కలిపే చాక్లెట్ పొడుల డబ్బా మీద కూడా ఇదే లెక్క వేయించండి, ఎత్తు పెరుగుతారని కొంటున్న దాంట్లో ఏముందో తెలుస్తుంది.

దాహానికి నీళ్లు, పల్చటి మజ్జిగ. వేసవిలో అంబలి. తీపి లేని రాగి జావ పిల్లలు తాగరనుకుంటే మజ్జిగ, చిటికెడు ఉప్పు, కొంచెం ఉల్లిపాయ వేసి ఇచ్చి చూడండి.

బాక్సు, ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నర

మన పిల్లల బాక్సుల్లో అన్నం ఎక్కువ, కూర తక్కువ, పప్పు ఇంకా తక్కువ. పులిహోర, ఆలు ఫ్రై అన్నం, ఎగ్ ఫ్రైడ్ రైస్, బ్రెడ్ జామ్, నూడుల్స్. అమ్మలను తప్పుపట్టడానికి లేదు, ఆరున్నరకు బస్సు వస్తుంటే ఏది తొందరగా అయితే అదే కడతారు. ఎన్‌ఐఎన్ చెప్పేదేమంటే రోజు మొత్తం కేలరీల్లో బియ్యం, గోధుమ, జొన్నల నుంచి 45 శాతం మించకూడదు, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. బాక్సులో దీన్ని ఇలా చేయొచ్చు. మూడు గిన్నెల బాక్సు కొనండి. పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నమో రొట్టెలో, మూడో దాంట్లో గుడ్డు లేదా పప్పు లేదా శనగలు. గిన్నెలు మార్చడం వల్లనే సగం పని అయిపోతుంది, రోజూ ఎంత పెట్టాలా అని ఆలోచించక్కర్లేదు.

తోటకూర పప్పు ముద్దగా చేస్తే రెండు చిన్న జొన్నరొట్టెలతో బాక్సులో కారదు. జొన్న ఎండిపోతుందని బడికి కట్టరు కొందరు, పిండి వేడినీళ్లతో కలిపి పల్చగా చేసి గుడ్డలో చుడితే మధ్యాహ్నానికి మెత్తగానే ఉంటుంది. కోడిగుడ్డు పొరటులో సొరకాయో, పాలకూరో కలిపితే గొడవ లేకుండా కూరగాయ లోపలికి పోతుంది. పెసరట్టు ఇడ్లీ దోసెలకన్నా మేలు, అందులో ఉన్నది పప్పే. మీల్‌మేకర్ వారానికొకసారి. పెరుగన్నమే కావాలంటే పెట్టండి, కానీ అందులో క్యారెట్, కీర తురిమి, పక్కన పల్లీలు పెట్టండి.

మాంసకృత్తుల మీద అకాడమీల వాళ్లు, జిమ్ముల వాళ్లు చాలా భయపెడతారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 45 గ్రాములు, అమ్మాయికి 43 గ్రాముల చుట్టూ చాలు. ఒక గుడ్డులో 6 గ్రాములు. రెండు పూటలా పప్పు, ఒక గుడ్డు, గుప్పెడు గుడాలు, పల్లీలు, రెండు గ్లాసుల పాలూ పెరుగూ ఉంటే ఆ లెక్క ఇంటి తిండితోనే అందుతుంది. పిల్లలకు ప్రొటీన్ పౌడర్ డబ్బాలు కొనకండి. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు, పండ్లు వస్తాయి.

నూనెకు కొలత పెట్టుకోండి. మనిషికి నెలకు అర లీటరు చుట్టూ ఉంటే మంచిది. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు తెచ్చి, అది అయిపోయేదాకా ఇంకోటి తెరవకుండా ఉండండి.

నిజానికి బాక్సు కన్నా కష్టమైనది సాయంత్రం. బస్సు దిగేసరికి నాలుగున్నర. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. ఐదున్నరకు ట్యూషన్. ఆ గంటలో వీధి చివర మిర్చి బజ్జీ బండి, పునుగుల బండి, నూడుల్స్ బండి, ఈ మధ్య మోమోలు, షవర్మా. చేతిలో యాభై రూపాయలు పెట్టి "ఏదో ఒకటి తిను" అంటాం. పిల్లల బరువులో ఈ గంట వాటా ఎంతో తల్లిదండ్రులు గమనించరు, ఎందుకంటే ఆ సమయంలో మనం ఆఫీసులో ఉంటాం. దీనికి ఉపాయం ఒక్కటే. నాలుగున్నరకు చిరుతిండి అనుకోకండి, చిన్న భోజనం పెట్టండి. పొద్దున వండిన కూర, పప్పు, ఒక రొట్టె. లేదా గుడాలు, ఒక జామకాయ. ఉడికించిన మక్క కంకి. కడుపు నిండితే బండి దగ్గర ఆగాలనిపించదు. అప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు కొంచెమే తింటారు, తొందరగా పడుకుంటారు.

బిర్యానీ మాటేమిటంటే, హైదరాబాద్‌లో ఉండి పిల్లలకు బిర్యానీ వద్దని నేను చెప్పను. రంజాన్ నెలలో హలీం కూడా తిననివ్వండి. ఆదివారం బిర్యానీ తెచ్చుకుంటే నలుగురికి రెండు ప్యాక్‌లు తెండి, ఇంట్లో కీర, ఉల్లిపాయ, పెరుగు పచ్చడి ఎక్కువగా చేసుకోండి, ముక్కలు పిల్లలకు వేయండి, కూల్‌డ్రింక్ తేకండి. సాయంత్రం ఆటకు తీసుకెళ్లండి.

బడితో మాట్లాడటం

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు మధ్యాహ్న భోజనంలో కొలతలున్నాయి. పీఎం పోషణ్ కింద ఐదో తరగతి వరకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు, 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. మన రాష్ట్రంలో గుడ్డు కూడా ఇస్తారు. పిల్లలు పప్పు నీళ్లలా ఉందంటే పాఠశాల కమిటీ సమావేశానికి వెళ్లి ఈ అంకెలు చెప్పి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ప్రైవేటు బడి పిల్లలకు ఈ కంచం లేదు. వాళ్లకున్నది క్యాంటీన్, గేటు బయట బండ్లు. కానీ వాళ్లకూ ఒక నిబంధన ఉంది, చాలా తక్కువమంది తల్లిదండ్రులకు తెలుసు. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి క్యాంటీన్‌లో, మెస్‌లో, హాస్టల్ వంటగదిలో అమ్మకూడదు. గేటు నుంచి అన్ని వైపులా 50 మీటర్ల లోపు కూడా అమ్మకూడదు. వాటి ప్రకటనలు బడి ఆవరణలో ఉండకూడదు. సీబీఎస్‌ఈ అయితే 2025 మేలో తన బడులన్నిటికీ చక్కెర బోర్డులు పెట్టమని చెప్పింది, ఏ తిండిలో, ఏ డ్రింకులో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనిపించేలా.

ఒక్కరే వెళ్లి ప్రిన్సిపాల్‌ను నిలదీస్తే మీ పిల్లవాడి మీద కోపం పెట్టుకుంటారేమోనన్న భయం ఉంటుంది, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఐదారుగురు తల్లిదండ్రులను కూడగట్టి, కాగితం మీద రాసి ఇవ్వండి. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మా పిల్లల ఆరోగ్యం గురించి మూడు విన్నపాలు. క్యాంటీన్‌లో కూల్‌డ్రింకులు, చిప్స్, క్రీమ్ బిస్కెట్లు అమ్మడం ఆపి గుడాలు, పండ్లు, మజ్జిగ, ఉడికించిన గుడ్లు పెట్టించగలరు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆటల పీరియడ్ వేరే సబ్జెక్టుకు ఇవ్వకుండా చూడగలరు. పుట్టినరోజుకు చాక్లెట్లు, కేకులు పంచే బదులు పుస్తకమో, మొక్కో తరగతికి ఇచ్చే పద్ధతి పెట్టగలరు. దీనికి మా సహకారం ఉంటుంది."

రెండో విన్నపం దగ్గర పట్టు వదలకండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెట్టి ఆటల పీరియడ్లు లెక్కలకు ఇచ్చే బడులు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో బడి, సెల్లార్‌లో ప్రేయర్. అడ్మిషన్ తీసుకునేటప్పుడే గ్రౌండ్ చూపించమనండి. గ్రౌండ్ లేకపోతే పిల్లల్ని వారానికి ఎన్నిసార్లు ఎక్కడికి తీసుకెళ్తారో అడగండి. ఫీజు కట్టేది మనమే.

ఇంకొకటి, మా వ్యాయామ ఉపాధ్యాయులతోనే చెప్పాల్సిన మాట. అల్లరి చేస్తే "గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టు" అని శిక్ష వేయడం మానాలి. పరుగు అంటే శిక్ష అని పదేళ్లకే నేర్పిన పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు ఇష్టంగా ఎందుకు పరిగెత్తుతాడు? మీ బడిలో అలా చేస్తుంటే మర్యాదగా చెప్పండి.

ఒళ్లు కదలడం, వయసును బట్టి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగే కదలిక ఉండాలంటుంది. ఒకేసారి గంట కుదరకపోతే ముక్కలు చేయండి. పొద్దున పది నిమిషాలు స్కిప్పింగ్, బడిలో ఇరవై నిమిషాలు, సాయంత్రం అరగంట.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు "ట్రైనింగ్" అనే మాటే వద్దు. కబడ్డీ, ఖోఖో, దొంగాపోలీస్, సైకిల్, ఈత. ఖోఖోలో వంగి, లేచి, మలుపు తిరిగే పని ఏ అకాడమీ డ్రిల్‌కూ తీసిపోదు. పార్కులో వేలాడే బార్లు ఉంటే రోజూ వేలాడనివ్వండి, ఎంతసేపు వేలాడగలరో లెక్కపెట్టండి. రేపటి పుల్‌అప్‌కు పట్టు అక్కడే మొదలవుతుంది. బరువు బాగా ఎక్కువున్న పిల్లలను నేరుగా సిమెంటు రోడ్డు మీద పరిగెత్తించకండి, మోకాళ్లు దెబ్బతింటాయి. వాళ్లకు ముందు ఈత, సైకిల్, మట్టి నేల మీద వేగంగా నడక. నెల తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కనున్న పిల్లవాడితో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం.

చోటు గురించి చాలామంది నిట్టూరుస్తారు, నిజమే, ఆడుకునే ఖాళీ జాగాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. ఉన్నవాటిని వాడుకుందాం. ఉస్మానియా యూనివర్సిటీ రోడ్లు, ఇందిరా పార్క్, సంజీవయ్య పార్క్, కేబీఆర్ పార్క్ చుట్టూ నడకదారి, కొండాపూర్ బొటానికల్ గార్డెన్. వేసవిలో జీహెచ్ఎంసీ సమ్మర్ కోచింగ్ క్యాంపులు పెడుతుంది, ఫీజు నామమాత్రం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నర లోపు ముగించండి, నీళ్ల సీసా తప్పనిసరి.

ఆడపిల్లలకు పన్నెండేళ్లు రాగానే ఆట మాన్పించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. సరిగ్గా ఎముకలు గట్టిపడే వయసులో మాన్పిస్తున్నాం. అగ్నివీర్‌లో మిలిటరీ పోలీస్ విభాగంలోకి అమ్మాయిలను తీసుకుంటున్నారు, 2022 నుంచి సైనికాధికారులను తయారుచేసే ఎన్‌డీఏలో కూడా అమ్మాయిలు శిక్షణ పొందుతున్నారు. నెలసరి రోజుల్లో ఇబ్బంది లేకపోతే ఆడొచ్చు. మంచి స్పోర్ట్స్ బ్రా, వదులైన ట్రాక్‌ప్యాంట్ కొనివ్వండి, ఇవి లేకనే సిగ్గుపడి ఆగిపోయే పిల్లలు చాలామంది. త్వరగా అలసిపోతుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర, ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకోనివ్వండి.

ఎంత మెరుగయ్యారో చూడటానికి బరువు కన్నా మంచి కొలత ఉంది. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో తొమ్మిదేళ్లు దాటిన వాళ్లకు 600 మీటర్ల పరుగు లేదా నడక ఒకటి. మూడు నెలలకోసారి 600 మీటర్లకు ఎంత సమయం పట్టిందో అదే నోటు పుస్తకంలో రాయండి. వెనకటి తమ సమయంతోనే పోల్చాలి, పక్కింటి పిల్లవాడితో కాదు. బరువు ముల్లు కదలకపోయినా ఈ సమయం తగ్గుతుంటే దారి సరైనదే.

నిద్ర గురించి రెండే మాటలు. పదమూడేళ్ల వరకు 9 నుంచి 11 గంటలు, ఆ తర్వాత 8 నుంచి 10 గంటలు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌లో ఉండాలి, మీవి కూడా.

పదిహేను దాటాక

ఇప్పుడు లక్ష్యం పెట్టుకుని సాధన చేయొచ్చు. వారానికి మూడు రోజులు పరుగు చాలు. ఒకరోజు మెల్లగా మూడు నాలుగు కిలోమీటర్లు, ఒకరోజు 400 మీటర్ల ముక్కలు మధ్యలో విశ్రాంతితో, ఒకరోజు 1,600 టైమ్ చూసుకుని. మిగతా రోజుల్లో పుష్‌అప్స్, స్క్వాట్స్, వేలాడటం, పైనుంచి మెల్లగా కిందికి దిగే పుల్‌అప్స్. ఒక రోజు పూర్తి విశ్రాంతి. అకాడమీలో ఎవరైనా నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ అన్నా, ఎనర్జీ డ్రింక్ అన్నా, ఫలానా మాత్ర అన్నా పిల్లల్ని అక్కడి నుంచి వెంటనే తీసుకొచ్చేయండి.

పరుగులో పాసై మెడికల్‌లో ఆగిపోయే వాళ్లు కూడా ఉంటారు. ఆర్మీ మెడికల్‌లో కళ్లు, చెవులు, పళ్లు, పాదాలు, మోకాళ్లు అన్నీ చూస్తారు. పళ్లకు కూడా పాయింట్లుంటాయి, కనీసం 14 రావాలి, తీపి తాగి తాగి దవడ పళ్లు పోగొట్టుకున్న వాళ్లకు అక్కడ ఇబ్బంది. రోజూ ఆరుబయట వెలుతురులో ఆడే పిల్లలకు దూరపు చూపు మందగించే ప్రమాదం కూడా తక్కువ, కాబట్టి ఆ గంట ఆట కళ్లకూ పనికొస్తుంది. నిలబడినప్పుడు రెండు మోకాళ్లు ఆనుకుని మడమల మధ్య ఎడం కనిపిస్తే, అరికాలు పూర్తిగా నేలకు అంటుకుంటే పద్నాలుగు పదిహేనేళ్లకే ఎముకల డాక్టర్‌కు చూపించండి. పదిహేడేళ్లకు తెలిస్తే చేయగలిగేది తక్కువ.

వయసు, ఎత్తు, పరుగు సమయం, మార్కులు నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి. జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది నోటిఫికేషన్ తెరిచి, మీ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదవండి. ఎన్‌డీఏ అయితే యూపీఎస్సీ నోటిఫికేషన్. ర్యాలీకి కనీసం ఆరు నెలల ముందే పళ్ల డాక్టర్, కంటి డాక్టర్, చెవుల డాక్టర్ దగ్గరికి ఒకసారి తీసుకెళ్లండి. చెవిలో గులిమి, పుచ్చిన పన్ను లాంటివి అప్పుడే బాగుచేయించుకోవచ్చు.